యంత్రం ఉన్న వార్డు

ధనోర్‌పేట గ్రామ పంచాయతీ 2015 మే నెలలో నగర పంచాయతీ అయింది. చంద్రపూర్ జిల్లాలో రాజురా దాటాక వచ్చే ఊరు అది. ఊరిని పదిహేడు వార్డులు చేశారు. పాత బోర్డు మీద కొత్త రేకు కొట్టారు. నవంబరులో ఎన్నికలు జరిగాయి. గ్రామ పంచాయతీ ఎంత మేర ఊడ్పించేదో నగర పంచాయతీ కూడా అంత మేరే ఊడ్పించింది. ఊడ్చేవాళ్లకు మాత్రం ఆకుపచ్చ చొక్కాలు వచ్చాయి.

2016 ఫిబ్రవరి 8, సోమవారం నాడు నాలుగో వార్డులో లచ్చయ్య కిరాణా దుకాణం మేడ మీద ఒక పెట్టె బిగించారు. దాని ఎత్తు నాలుగు అడుగులు. లోపలి మోటారు గాలిని పీల్చి తెల్లకాగితం గుండా పంపుతుంది. ఇరవై నాలుగు గంటల తర్వాత ఆ కాగితం తీసి, కవరులో పెట్టి, బస్సులో చంద్రపూర్ పంపాలి. అక్కడ కాలుష్యం చూసే ఆఫీసులో దాన్ని తూచి, ఊరి గాలిలో ధూళి ఎంత ఉందో లెక్కకడతారు. ఈ పని నగర పంచాయతీలో పారిశుధ్యం చూసే బాపురావుకు అప్పగించారు.

మొదటి కాగితం తీసేటప్పుడు లచ్చయ్య పక్కనే ఉన్నాడు.

"గిదేంది బాపురావ్, కార్బన్ పేపర్ పెట్టినవా?"

"తెల్లదే పెట్టిన సేటు. నిన్న నువ్వు జూసినవ్ గద."

"మరి గింత నల్లగెట్లయింది?"

బాపురావు కిందికి చూశాడు. దుకాణం ముందు బొగ్గు లారీలు పోతున్నాయి. గని నుంచి రైలు సైడింగుకు ఊరి మధ్యలోంచే దారి. రోజుకు మూడు వందల నలభై లారీలు. దేనికీ పైన కప్పు లేదు.

లచ్చయ్య దుకాణం పక్క ఇల్లు ఐలమ్మది. ఆమెకు యాభై రెండేళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. లస్మవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లతో కలిసి మినప అప్పడాలు చేసి మేడ మీద ఆరబెడుతుంది. నాలుగు ఇళ్లూ ఆ అప్పడాల మీదే నడుస్తాయి. సరుకు చంద్రపూర్‌లో తుకుం అనే పేటలో ఉన్న ప్రభావతి దుకాణానికి పోతుంది. డిసెంబరులో పంపిన రెండు డబ్బాలను ప్రభావతి తిప్పి పంపింది. ఐలమ్మ వెళ్లి అడిగితే ఒక అప్పడం తీసి వెలుతురుకు పెట్టింది.

"అప్పడాలల్ల నువ్వులు ఏస్తున్నవా ఐలమ్మా?"

"నువ్వులు గావమ్మా. అది మా ఊరి గాలి."

"మీ ఊరి గాలి మీ ఊళ్లె ఉంచుకోండ్రి. మే నెలల పెండ్లిళ్లకు నాకు ఇరవై వేల అప్పడాలు గావాలె. ఏప్రిల్ ముప్పైకి దుకాణంల ఉండాలె. ఒక్కదాని మీద నల్ల చుక్క కనవడ్డా, ఇగ నుంచి వరోరా ఆడోళ్ల దగ్గర తీసుకుంట."

ఐలమ్మ సరేనని వచ్చింది. ఎలా తెల్లగా ఆరబెట్టాలో ఆమెకు తెలియదు. మీద బట్ట కప్పితే అప్పడం మెత్తబడుతుంది. ఇంట్లో ఆరబెడితే బూజు పడుతుంది.

ఫిబ్రవరి 19న చంద్రపూర్ నుంచి నగర పంచాయతీకి ఉత్తరం వచ్చింది. యంత్రం వద్ద నమోదవుతున్న ధూళిని అరవై రోజుల్లో పరిమితిలోకి తేవాలని అందులో ఉంది. 24న సభ జరిగింది. లారీలను ఊరి బయటి నుంచి పంపాలని ఒక సభ్యుడు అన్నాడు. ఊరి బయట రోడ్డు లేదని ఇంకొకరు చెప్పారు. రోడ్డంతా నీళ్లు చల్లాలని మరొకరు అన్నారు. ఉన్నది ఒక ట్యాంకరు. అప్పుడు ముఖ్యాధికారి ఉత్తరాన్ని మళ్లీ చదివాడు. 'యంత్రం వద్ద' అనే మాట దగ్గర ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తీర్మానం పావుగంటలో అయిపోయింది.

మరుసటి ఉదయం లచ్చయ్య దుకాణానికి అటు యాభై మీటర్లు, ఇటు యాభై మీటర్లు కొలిచి రోడ్డుకు అడ్డంగా సున్నం గీతలు గీశారు. గీతల మధ్య రోజుకు మూడుసార్లు ట్యాంకరు నీళ్లు చల్లుతుంది. ఆరుగురు ఊడుస్తారు. నగర పంచాయతీ నాలుగు టార్పాలిన్లు కొన్నది. లారీ మొదటి గీత దగ్గర ఆగితే ఇద్దరు మనుషులు దానికి టార్పాలిన్ కడతారు. వంద మీటర్లు పోయాక రెండో గీత దగ్గర ఇంకో ఇద్దరు విప్పుతారు. విప్పినదాన్ని మడిచి, భుజాన వేసుకుని, నడిచి మొదటి గీత దగ్గరికి తెస్తారు. టార్పాలిన్ నగర పంచాయతీ ఆస్తి కాబట్టి ఊరు దాటించడానికి వీల్లేదు.

మార్చి మొదటి వారానికి కాగితం బూడిదరంగులోకి వచ్చింది. రెండో వారానికి గోధుమపిండి రంగులోకి వచ్చింది. ఐలమ్మ మేడ మీద అప్పడాలు తెల్లగా ఆరాయి. లస్మవ్వ ఒకదాన్ని ఎండకు పట్టి చూసింది.

"ఐలమ్మా, అవుతలోళ్లు కనవడుతున్నరే దీంట్ల నుంచి."

"మంచిగ జూసుకో. లెక్క తప్పకు. రోజుకు నాలుగు వందలు ఆరుతున్నయ్."

మార్చి నెలాఖరుకు ఏడు వేల అప్పడాలు డబ్బాల్లోకి చేరాయి.

టార్పాలిన్లు నాలుగే కాబట్టి లారీలు ఆగవలసి వచ్చేది. మొదటి గీత నుంచి అర కిలోమీటరు దాకా వరస. ఆ వరస అయిదో వార్డులో ఉంటుంది. ఇంజన్లు ఆపరు. గీత ఇవతల తగ్గిన ధూళి అవతల పెరిగింది. అయిదో వార్డు నుంచి గెలిచిన నగరసేవకుడు ఆశన్న మార్చి 30న సభలో లేచి నిలబడ్డాడు.

"ఊరంత గలిసి పన్ను కడుతున్నం. గాలి మాత్రం నాలుగో వార్డోళ్లకేనా? ఆ మిషిన్ మా వార్డుకు ఇయ్యుండ్రి."

"మిషిన్ ఇస్తే ఏమైతది? అది కొలుస్తది, ఊడ్వది," అన్నాడు ముఖ్యాధికారి.

"అది ఉన్న కాడ మీరు ఊడుస్తున్నరు గద సార్!"

పదిహేడు వార్డుల సభ్యులూ యంత్రం తమకే కావాలన్నారు. వార్డుకు ఒక వారం చొప్పున తిప్పాలని తీర్మానించి ఠరావు రాశారు. ముందు అయిదో వార్డు. నాలుగో వార్డుకు మళ్లీ పదహారు వారాల తర్వాత, అంటే జులై నెలాఖరు వానల్లో వస్తుంది.

ఐలమ్మ మరునాడు నగర పంచాయతీ ఆఫీసుకు పోయింది. బాపురావు కవర్ల మీద తేదీలు రాస్తున్నాడు.

"తమ్మీ, మిషిన్ పోతే పోనీ. నీళ్ల ట్యాంకర్‌నన్న రోజుకొక్కసారి మా దిక్కు తోలు. ఇంక పదమూడు వేల అప్పడాలు ఆరాలె."

"ట్యాంకర్ మిషిన్ ఎన్కనే పోవాలె అక్కా. ఠరావుల గట్లనే రాసిండ్రు."

"మా గల్లీల మనుషులున్నరు."

"మనుషులకు రీడింగ్ లేదక్కా. ఉంటే నేనే తోలిస్తుంటి."

అతను వెక్కిరించలేదు. రీడింగ్ లేనిచోట పని చేస్తే ఏ పద్దు కింద రాయాలో అతనికి తెలియదు. ఐలమ్మ గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చింది.

"అయితే మిషిన్ ఎటు పోతే మేం గటే పోతం."

ఏప్రిల్ 4న యంత్రాన్ని అయిదో వార్డుకు తీసుకుపోయారు. ట్రాక్టరు మీద పెట్టారు. ముందు డప్పులు కొట్టారు. ఇళ్ల ముందు ఆడవాళ్లు నీళ్లు చల్లి హారతి ఇచ్చారు. ఆశన్న కొబ్బరికాయ కొట్టాడు. అతని మేడ మీద పెట్టె బిగించి మోటారు వేయగానే వార్డు కుర్రకారు గులాల్ ఎగజల్లింది. ఆ ఊళ్లో ఎన్నికల్లో గెలిచినా, ట్రాక్టరు కొన్నా గులాల్ చల్లకుండా ఉండరు. మూడు బస్తాలు చల్లారు. యంత్రం తన పని తాను చేసింది.

కాగితం గులాబీ రంగులో చంద్రపూర్ చేరింది. 6వ తేదీన అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. ధనోర్‌పేటలో రంగుల ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టారు, అనుమతి పత్రం నంబరు ఎంత అని అడిగారు.

ఐలమ్మా లస్మవ్వా పెట్టె బిగించిన ఉదయమే ఆశన్న మేడ మీద నాలుగు వందల అప్పడాలు పరిచి ఉన్నారు. అవీ గులాబీ రంగయ్యాయి.

"పెండ్లి అప్పడాలే గద," అంది లస్మవ్వ. "రంగుంటే ఏమైతది? పెండ్లికూతురు చీరకు కలుస్తది."

"ప్రభావతమ్మ చెంప గూడ గదే రంగు జేస్తది నాకు. తియ్యి."

వాటిని ఎత్తి పక్కన పెట్టారు. మరునాడు నీళ్లు చల్లారు, ఊడ్చారు, టార్పాలిన్లు కట్టారు. గాలి తేలికైంది. మూడు రోజులు అప్పడాలు తెల్లగా ఆరాయి. గాలి తేలికైన సంగతి మిగిలిన పదహారు వార్డులకూ తెలిసింది. ఆయాసం ఉన్నవాళ్లు మంచాలు తెచ్చుకుని ఆశన్న ఇంటి ముందు వేసుకున్నారు. పడుకున్నవాళ్లకు అన్నం తెచ్చేవాళ్లు బండ్ల మీద వచ్చారు. వచ్చినవాళ్ల కోసం చాయ్ బండి వచ్చింది. ఇంకో రెండు బండ్లు మిర్చి బజ్జీలు మొదలుపెట్టాయి. అంగన్‌వాడీ పిల్లల్ని టీచరు చెట్టాపట్టాలు వేయించి నడిపించుకుని తెచ్చింది. ఎల్లమ్మ అనే ఆమె ఇంటిల్లిపాది దుప్పట్లు ఉతికి ఆశన్న పిట్టగోడ మీద ఆరేసింది. ఇదేమిటని ఆశన్న భార్య అడిగితే, గాలి నగర పంచాయతీదని చెప్పింది.

9వ తేదీ శనివారం బాపురావు తీసిన కాగితం ఫిబ్రవరి కాగితం కంటే నల్లగా ఉంది. నూనె మరకలు కూడా ఉన్నాయి. ఆ రోజు అప్పడాలన్నీ పోయాయి. ఐలమ్మ లెక్క చూసుకుంది. ఎనిమిది వేల రెండు వందలు ఉన్నాయి. ఇరవై ఒక్క రోజులు ఉన్నాయి.

11న సభ జరిగింది. ధూళికి కారణం జనమని తేలింది. తీర్మానం 31 ఆమోదించారు. ఊరికి కిలోమీటరు దూరంలో పాత బందెలదొడ్డి వెనక పదెకరాల ఖాళీ స్థలం ఉంది. పశువుల్ని బంధించడం మానేశాక అటు ఎవరూ పోవడం లేదు. లారీ దారి కాదు. యంత్రాన్ని అక్కడ పెట్టి, చుట్టూ వంద మీటర్ల మేర తీగ కంచె వేయాలి. కంచె లోపలికి సిబ్బంది తప్ప మనుషులు, పశువులు, ట్యాంకరు తప్ప వాహనాలు రాకూడదు. పొయ్యిలు, మంచాలు, దుప్పట్లు, ఊరేగింపులు, గులాల్ నిషేధం. ట్యాంకరు మూడుసార్లు యథావిధిగా పోతుంది. ఆరుగురూ ఊడుస్తారు. టార్పాలిన్ మనుషులు నలుగురూ అక్కడే కాపలా ఉంటారు.

13 నుంచి ట్యాంకరు ఆ ఖాళీ నేలను తడపడం మొదలుపెట్టింది. కాగితాలు తెల్లగా వచ్చాయి. ఊళ్లో ధూళి మునుపటిలాగే ఉంది.

ఐలమ్మ తీర్మానం నకలు అడిగింది. అది మరాఠీలో ఉంది. ఆమెకు చదవడం రాదు. లచ్చయ్యతో రెండుసార్లు చదివించుకుని ఆఫీసుకు పోయింది.

"బాపురావ్ తమ్మీ, దీంట్ల మనుషులు రావద్దని ఉన్నది. బర్లు, గొడ్లు రావద్దని ఉన్నది. మంచాలు, దుప్పట్లు గూడ ఉన్నయ్. అప్పడాలు రావద్దని ఏడున్నది?"

బాపురావు చదివాడు. మళ్లీ చదివాడు. కాగితం పట్టుకుని ముఖ్యాధికారి గదిలోకి పోయాడు. పది నిమిషాల తర్వాత వచ్చాడు.

"సార్ గూడ జూసిండు. లేదు."

"మరి?"

"అప్పడాలు పోవచ్చు. నువ్వు పోవద్దు."

"నేను పోకుంటే ఎవరు పరుస్తరు? ఎవరు తిరగేస్తరు?"

"సిబ్బందికి అడ్డం లేదు," అని బాపురావు కాగితం మడిచాడు. "ఆ నలుగురు ఊకెనే కూసుంటున్నరు. నేను గూడ పొద్దుగాల పేపర్ మార్చనీకి పోవాల్సిందే గద."

నలుగురు ఆడవాళ్లూ తెల్లవారక ముందే లేచి పిండి దంచి, రోజుకు తొమ్మిది వందల దాకా ఒత్తారు. తడి గుడ్డ కప్పిన గంపలు కంచె దాకా మోశారు. కంచె ఇవతల నిలబడి ఐలమ్మ చెబుతుంటే అవతల నగర పంచాయతీ సిబ్బంది చాపల మీద పరిచారు.

"తమ్మీ, అది గోడమీద పోస్టర్ గాదు, గట్ల గొట్టకు. అంచులు వట్టుకో. రెండోది దాని మీద పడ్డది, తియ్యి. ఏం సదువుకున్నవ్ నువ్వు?"

"బీయే."

"తెలుస్తనే ఉన్నది."

మూడు రోజులకు వాళ్లకు చేయి కుదిరింది. గాలి వీస్తే అప్పడాల మీద గోరంత కంకర పెట్టాలని కూడా నేర్చుకున్నారు. 21వ తేదీకి డబ్బాల్లో పదమూడు వేల ఆరు వందలు ఉన్నాయి.

22న చంద్రపూర్ నుంచి అధికారి తనిఖీకి వచ్చాడు. కంచె లోపల ఎనిమిది వందల అప్పడాలు ఉన్నాయి. వాటి మధ్య బాపురావు గొంతుక్కూర్చుని తిరగేస్తున్నాడు. అధికారి ఏమిటని అడిగితే బాపురావు తీర్మానం 31 చూపించాడు. అధికారి అప్పడాలను వదిలేసి కాగితం అడిగాడు. తెల్లగా ఉంది. రాసుకున్నాడు. చుట్టూ చూశాడు.

"ఇక్కడ ఎవరుంటారు?"

"ఎవరుండరు సార్. అందుకే గాలి మంచిగున్నది."

"మనుషులు లేనిచోట కొలిస్తే లెక్కలోకి రాదు. వంద మీటర్ల లోపల నివాసం ఉండాలి. వారం టైమిస్తున్నా. లేకపోతే యంత్రం వెనక్కి తీసుకుపోతాం."

25న సభ జరిగింది. యంత్రాన్ని మనుషులున్న చోటికి మార్చాలని ఒక్క సభ్యురాలు అన్నది. అలా చేసిన రెండుసార్లూ ఏమైందో అందరికీ గుర్తుంది. యంత్రం దగ్గరికి మనుషుల్ని మార్చాలని తీర్మానం 32 చేశారు. ఒక కుటుంబం చాలు. రేకుల గది కట్టిస్తారు. పొయ్యి పెట్టకూడదు. చుట్టాలు రాకూడదు. ట్యాంకరు వచ్చి నీళ్లు చల్లినట్టు నివాసి రోజుకు మూడుసార్లు రిజిస్టరులో సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. అది లేకపోతే డ్రైవరుకు హాజరు పడదు.

ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. 27న బాపురావు ఐలమ్మ ఇంటికి వచ్చాడు.

"అక్కా, నువ్వొస్తవా?"

"పొయ్యి లేకుంట ఎట్ల ఉండాలె తమ్మీ? పలకరిద్దామంటే కుక్క గూడ లేదు ఆడ."

"వేరేటోళ్లు వస్తే అప్పడాలకు అడ్డం చెప్తరు. ఇల్లు వాళ్లదయితది గద. మిషిన్ పోతే కంచె గూడ పోతది. నీకింక ఎన్ని గావాలె?"

"పదహారు వందలు."

"ఆలోచన జేస్కో."

ఆమె లోపలికి పోయి లస్మవ్వను అడిగింది. పోయి రా అంది లస్మవ్వ. నాలుగు ఇళ్ల పొయ్యిలు వెలగాలంటే ఒకటి ఆరినా ఏం కాదని చెప్పింది. ఐలమ్మ ట్రంకుపెట్టె, చాప, ఒక బిందె తీసుకుని 28వ తేదీ ఉదయం బందెలదొడ్డి వెనక దిగింది. గాలి నిజంగానే బాగుంది. ఆమె ఒకసారి ఊపిరి పీల్చి, ఊరి వైపు చూసింది. ఊరి మీద లారీ దారి ఎటు పోతుందో గీత గీసినట్టు కనబడుతోంది.

ఎనిమిదింటికి ట్యాంకరు వచ్చింది. డ్రైవరు భీమన్న పైపు విప్పుతున్నాడు.

"ఆగు భీమన్నా. గీ నేలకు నీళ్లెందుకు? నిన్నటి తడే ఆరలే."

"ఠరావుల ఉన్నదొదినా. చల్లినట్టు రిజిస్టర్ల ఎక్కాలె."

"రిజిస్టర్ల ఏలు పెట్టేది ఎవరు?"

"నువ్వే."

ఐలమ్మ రిజిస్టరు తెరిచి మూడు గళ్లలోనూ వేలిముద్ర వేసింది.

"మూడు పూటలది పెట్టిన. గిప్పుడు ట్యాంకర్ తిప్పుకొని నాలుగో వార్డుకు పో. లచ్చయ్య సేటు దుకాణం కాడ సురువు జెయ్. అయిదో వార్డు దాక పోనీ. మధ్యాహ్నం నింపుకొని ఆరు, ఏడు వార్డులు జూడు. ఎవరన్న అడిగితే నేను జెప్పిన అని జెప్పు."

భీమన్న పైపు పట్టుకునే నిలబడ్డాడు.

"ఈడ పేపర్ నల్లగయితే నా నౌకరి పోతది."

"ఎట్ల నల్లగయితది? లారి లేదు, పొయ్యి లేదు, మనిషి లేడు."

"నువ్వున్నవ్ గద వదినా."

"నేను నీతోనే వస్తున్న. జరుగు."

మనిషి ఉన్నట్టు ఆనవాలుగా ఆమె ఒక చీర తడిపి కంచె తీగ మీద ఆరేసింది. కాపలావాళ్లను చూసి, రేపు మీరు కూడా టార్పాలిన్లు తీసుకుని ఊళ్లోకి నడవండని చెప్పింది. ఆ ఖాళీ నేల మీద పదహారు రోజులు కూర్చున్న మనుషులు వాళ్లు. రేపటిదాకా ఎందుకన్నాడు బీయే. ఐలమ్మ ట్యాంకరు ఎక్కి భీమన్న పక్కన కూర్చుంది.

నాలుగో వార్డులో మేడ మీద లస్మవ్వ అప్పటికే చాపలు పరిచి ఉంది. కింద రోడ్డు తడిసింది. ఆ రోజు తొమ్మిది వందలు, మరునాడు ఏడు వందలు ఆరాయి.

30వ తేదీ మధ్యాహ్నం డబ్బాలు తుకుం చేరాయి. ప్రభావతి ప్రతి డబ్బాలోంచీ నాలుగు తీసి వెలుతురుకు పట్టింది. ఒకదాన్ని కాల్పించి విరిచింది. చివరి డబ్బా దాకా చూశాక కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏం జేసినవ్ ఐలమ్మా? ఊరు మారినవా?"

"కాయితాల మీద మారిన."

"జూన్‌కు ఇంకో పది వేలు గావాలె. ఉత్తరం రాయాలంటే కొత్త పత్తా జెప్పు."

"కొత్త పత్తా రాయకమ్మా, ఆడ నేను దొరక," అంది ఐలమ్మ. "లచ్చయ్య సేటు దుకాణం పక్కన అనే రాసుకో."